రానివాళ్ళ హాజరు

మా స్టాటిస్టిక్స్ సార్ పోయారు.

ఆ కబురు అందినప్పుడు నేను పెద్దకడుబూరు మండలంలో ఒక ఊళ్ళో, ఒక ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నాను. నాది గ్రామ సచివాలయంలో ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి సర్వేలు చేయడం అందులో సగం పని. ఆ ఇంటామె చెప్పే వివరాలు ఫోనులోకి ఎక్కిస్తుంటే ఆ ఫోనే మోగింది. చేసింది మస్తాన్. ఆదోనిలో నాతోపాటు డిగ్రీ చదివాడు. మెసేజీ పెట్టడమే తప్ప ఫోన్ చేసే మనిషి కాదు.

"సార్ పోయినారు," అన్నాడు. "డయాలసిస్‌కని పొద్దున ఆదోనికి బయల్దేరినారంట. చెప్పులేసుకుంటా అట్లనే కూలబడినారంట."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఆ ఇంటామె చేతిలో చేట పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. ఎవరు పోయినారని అడిగింది. మా సారు అన్నాను. ఆయప్ప ఏం చెప్తుండె అని అడిగింది. లెక్కలు అనబోయి ఆగాను. అవి లెక్కలే. కానీ ఆయన చెప్పినదాన్ని లెక్కలంటే సరిపోదు.

"మనుషుల్ని ఎట్ల లెక్కపెట్టల్లో చెప్తుండె," అన్నాను.

ఆమె తలూపింది. ఆ మాట ఆమెకు వింతగా తోచినట్టు లేదు.

ఆదోనిలో మేము చదివిన డిగ్రీ కాలేజీలో ఆయన కాంట్రాక్టు లెక్చరర్. సొంతూరు ఎమ్మిగనూరు, నేతపని చేసే కుటుంబం. రోజూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవారు. సన్నటి మనిషి. ఎండాకాలమైనా వానాకాలమైనా చేనేత చొక్కానే. కొత్తగా చొక్కా కొనుక్కొని వచ్చిన పిల్లవాడెవడైనా కనిపిస్తే, చేతి అంచు రెండు వేళ్ళ మధ్య పట్టి చూసి, మరమగ్గమా చేతి మగ్గమా చెప్పేసి ముందుకు నడిచేవారు. మెచ్చుకోవడమూ లేదు, వెక్కిరించడమూ లేదు.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా "సుమారుగా" అంటే వదిలేవారు కారు. బస్సు సుమారుగా అరగంట లేటు సార్ అంటే, "అటూ ఇటూ ఎంత?" అని అడిగేవారు. మొదట్లో మాకు నవ్వొచ్చేది. తర్వాత మేమే ఒకళ్ళనొకళ్ళం అడుక్కోవడం మొదలుపెట్టాం. క్యాంటీన్‌లో టీ ఇంకా ఎంతసేపన్నా అని అడిగితే, ఐదు నిమిషాలని చెప్పి, మేం నోరు తెరవకముందే "అటూ ఇటూ ఇంకో ఐదు" అనేవాడు టీ కాచే అన్న.

మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్లు కలిసిన ఆ గ్రూపులో మేమంతా చేరింది కంప్యూటర్ల కోసం. మ్యాథ్స్ ఎలాగూ తప్పదని తెలుసు. మధ్యలో ఈ స్టాటిస్టిక్స్ ఏమిటో ఎవరికీ తెలియదు. మొదటి క్లాసుకు ఆయన పుస్తకం లేకుండా వచ్చారు. భుజాన బుడ్డల మూట ఉంది. వేరుశనగకాయల్ని మా వైపు బుడ్డలే అంటాం. బల్ల మీద మూట పెట్టి మూతి విప్పి, ఒక్కొక్కరూ వచ్చి పిడికెడు తీసుకొమ్మన్నారు. ఒలిచి, గట్టి గింజలెన్ని, తాలువెన్ని లెక్కపెట్టి చెప్పమన్నారు. రైతుల పిల్లలం, మాకదొక పనా. క్లాసంతా పొట్టే పొట్టు. ఒకరి తర్వాత ఒకరం లేచి చెప్పాం. అందరి లెక్కా ఇంచుమించు ఒకటే. సరుకు మంచిది సార్ అని తీర్పు కూడా చెప్పేశాం.

ఆయన మూటను బల్ల మీద బోర్లించారు. అడుగునుంచి పడినవన్నీ తాలువే. నలిపితే పొడి అయిపోయే కాయలు.

ఆయన బోర్డు మీద ఏమీ రాయలేదు. "అందరూ ఒకే మాట చెప్పినారంటే అది నిజమని కాదు," అన్నారు. "అందరి చెయ్యీ ఒకే చోట పడిందేమో అని కూడా అనుమానపడల్ల." శాంప్లింగ్ అనే మాట ఆ తర్వాతి వారం గాని మాకు చెప్పలేదు.

సగటు గురించి చెప్పినరోజు వాన గురించి అడిగారు. ఆ ఏడాది మా మండలంలో సగటు వాన పడిందని పేపర్లో వేశారు. మీ చేలో పంట ఎట్లుందమ్మా అని నన్ను లేపారు. విత్తనమేసినాక చుక్క లేదు సార్, పత్తి విచ్చుకున్నాక మొత్తం ఒక్కసారే పడింది, తడిసి నల్లబడిపోయింది అని చెప్పాను. చెబుతుంటే మా నాయన ఆ పత్తి ముందు కూర్చున్న తీరు గుర్తొచ్చింది. సార్ నన్ను కూర్చోమని సైగ చేసి, "వాన సగటుగానే పడింది. పేపరువాళ్ళు అబద్ధం రాయలే," అన్నారు. "సగటు బాగుందని ఎవురన్నా చెప్తే, ఎవురికి బాగుందని అడగండి."

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న జాతర జరిగే రోజుల్లో మా ఊళ్ళ బస్సులన్నీ అటు మళ్ళిస్తారు. బస్టాండులో గంటలకొద్దీ నిలబడి, కాలేజీకి ఏ మధ్యాహ్నమో చేరేవాళ్ళం. మిగతా లెక్చరర్లు లేటుకు తిట్టేవారు. సార్ మాత్రం ఎవరెంతసేపు బస్సు కోసం నిలబడ్డారో చీటీల మీద రాయించుకున్నారు. మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్ళి, నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, తక్కువసేపు నిలబడ్డవాళ్ళను ఒక కొసన, ఎక్కువసేపు నిలబడ్డవాళ్ళను ఇంకో కొసన వరుసలుగా నిలబెట్టారు. పుస్తకంలో గ్రాఫు మా దేహాలతో తయారైంది. మస్తాన్‌లాంటి ఆదోని టౌను పిల్లలంతా ఇటు కొసన గుంపుగా ఉన్నారు. మధ్యలో మేం కొంతమందిమి. అటు కొసన, వరండా చివర మెట్ల దగ్గర, ఒక్కతే ఒక పిల్ల నిలబడి ఉంది. ఆమె పేరు ఈరమ్మ. మా పక్క ఊరు.

"సగటు ఆ పిల్లను చూడదు," అన్నారు సార్. "మీరు చూడండి."

అందరం తిరిగి చూసేసరికి ఈరమ్మ సిగ్గుపడి పమిట కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈరమ్మది మాలాంటి చదువు కాదు. మేం బట్టీ పట్టేదాన్ని ఆమె చేతివేళ్ళ మీద చూసుకుంటూ తేల్చేది. పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చేవని కాదు, రాయడం నిదానం. కానీ సార్ ఏదైనా ప్రశ్న వేసి క్లాసంతా చూసినప్పుడు, ఆయన కళ్ళు చివరికి ఆమె మీద ఆగేవి. ఆమె చెప్పేదాకా ఓపిగ్గా ఉండేవారు. పీజీకి అనంతపురం పంపించాలని ఆయనకు ఆశ ఉండేది. ఆ మాట ఆమెతో అన్నప్పుడు ఆమె నవ్వి ఊరుకుంది.

రెండో ఏడు మా వైపు పంట పూర్తిగా పోయింది. దసరా దాటాక ఊళ్ళు ఖాళీ అవడం మొదలైంది. కూలిపనులకు దూరం పోవడాన్ని మేం సుగ్గికి పోవడం అంటాం. గుంటూరు వైపు మిర్చి కోతలకు లారీలెక్కి ఇంటిల్లిపాదీ పోతారు. ఈరమ్మ వాళ్ళూ పోతున్నారని నేనే సార్‌కు చెప్పాను. ఆ ఆదివారం ఆయన ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చారు. ఇల్లు చూపించడానికి నేను వెంట పోయాను.

మేం పోయేసరికి ఈరమ్మ నాయన వంట బోకులు గోనెసంచిలో కూరి తాడుతో బిగిస్తున్నాడు. సార్‌ను చూసి లేచి నిలబడి, కూర్చోవడానికి మంచం వాల్చాడు. సార్ కూర్చోలేదు.

"అన్నా, పాపను ఈడనే ఉండనీ. బాగా చదివే పిల్ల. పరీక్షలు ఉండాయి," అన్నారు.

వయసొచ్చిన పిల్లను తాళమేసిన ఇంట్లో ఎట్ల వదిలిపోతామన్నాడాయన. మా ఇంట్లో ఉంటుందని నేను అడ్డుపడ్డాను. మా బోరులో కొంచెం నీళ్ళుండేవి గనక ఆ ఏడు మేం పోలేదు. ఆయన నా వైపు చూసి, కోపం లేకుండానే, "పక్కూరి పిల్లకు ఎన్నాళ్ళని అన్నం పెడ్తారు తల్లీ, మీకు మాత్రం యాడిది," అన్నాడు.

ఈరమ్మ లోపలినుంచి వచ్చింది. చేతిలో పుస్తకాల సంచి ఉంది. అది కూడా లారీలోకే.

"పోయొస్తా సార్. పరీక్షలప్పుడు మీరు ఫోన్ చేయండి, వస్తా," అంది.

"చేస్తా," అన్నారు సార్. "నువ్వు రావల్ల."

మరుసటి రోజు నుంచి ఆయన క్లాసులో హాజరు తీసే పద్ధతి మారింది. ఈరమ్మ నంబరు రాగానే మేం "రాలేదు సార్" అనేవాళ్ళం. ఆయన పేరు దాటేసి పోయేవారు కారు. యాడుంది అని అడిగేవారు. మిర్చి చేలో ఉంది సార్ అని మేం చెప్పాలి. మెల్లగా ఇంకా కొన్ని నంబర్లకు జవాబులు అలాగే మారాయి. ఒకడు బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు. చిప్పగిరి వైపు పిల్లకు పెళ్ళయిపోయింది. ఒకడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. తెలియకపోతే కనుక్కొని రమ్మనేవారు. అదే మాకు ఆ ఏడాది ప్రాజెక్టు. సెలవుల్లో వాళ్ళ ఊళ్ళకు పోయి, ఇరుగుపొరుగును అడిగి, ఎవరు ఎందుకు రావడం లేదో రాసుకొచ్చాం. "రానోళ్ళను లెక్కలోంచి తీసేస్తే, ఉండేటోళ్ళంతా బాగున్నట్టే కనపడతారు," అనేవారు. ఈ ఒక్క సంగతి అర్థమైతే డిగ్రీ పాసైనట్టే అని కూడా అనేవారు.

సాయంత్రాలు ఈరమ్మకు ఫోన్ చేసి పాఠం చెప్పేవారని మాకు తర్వాత తెలిసింది. ఒకరోజు క్లాసులో బోర్డు మీద అంకెలు రాసి, ఇవి ఈరమ్మ పంపించినవి అన్నారు. కోసిన మిర్చిలో ఎర్ర కాయలు, రంగు పోయిన తాలు కాయలు ఆమె పిడికెడు చొప్పున తీసి వేరుచేసి లెక్కపెట్టి చెప్పిందట. పొద్దున కోసినవి వేరు, ఎండ ముదిరాక కోసినవి వేరు. పొద్దున చేతికి తాలు తక్కువ వస్తోందట. ఎండకు కళ్ళు మండి కాయ సరిగా కనపడక అట్లా అవుతోందేమో అని ఆమె అనుమానం. ఆ అనుమానం నిలుస్తుందో లేదో తేల్చడమే ఆ వారం మా పాఠం. ఎవరో పరీక్ష కోసం కల్పించిన అంకెలు కావవి. వాటి వెనక మా స్నేహితురాలి కళ్ళు మండుతున్నాయి. క్లాసులో వెనక బెంచీలవాళ్ళు కూడా తల వంచి చేశారు. సాయంత్రం అందరం మస్తాన్ ఫోన్ చుట్టూ చేరి ఆమెకు ఫలితం చెప్పాం. "నిజమేనన్నమాట," అని ఆమె పట్టరాని సంతోషంగా నవ్వింది.

పరీక్షల తేదీలు వచ్చాయి. సార్ ఫోన్ చేశారు. వాళ్ళ నాయనతోనూ మాట్లాడి ఒప్పించారు. కోతలు ఇంకా మిగిలి ఉండటంతో తల్లిదండ్రులు అక్కడే ఆగి, ఊరికి తిరిగొచ్చే ఇంకొందరితో కలిపి ఆమెను ఒక ట్రాలీ ఆటో ఎక్కించారు. దారిలో ఆ బండి బోల్తా పడింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. ఈరమ్మ అక్కడే పోయింది.

మేం హాల్ టికెట్లు తీసుకునే రోజు అది. ఆఫీసు కిటికీ దగ్గర ఆమె హాల్ టికెట్ కూడా ఉంది.

సార్ మాతోపాటే వాళ్ళ ఊరికి వచ్చారు. వాళ్ళ అమ్మా నాయనా ఆమెను ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి పొద్దు వాలుతోంది. జనం కూడా పెద్దగా లేరు, ఊరంతా సుగ్గికి పోయి ఉంది కదా. మోయడానికి మగవాళ్ళు చాలక మా క్లాసు పిల్లలు భుజం పట్టారు. అంతా అయ్యాక ఈరమ్మ నాయన సార్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"మీరు పిలవకుంటే వచ్చేది కాదు సార్," అన్నాడు.

సార్ ఆయన కళ్ళల్లోకి చూశారు.

"అవును," అన్నారు.

తప్పు తనది కాదనలేదు, బండివాడిది అనలేదు, తలరాత అనలేదు. ఈరమ్మ నాయన సార్ చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మా బస్సు టైమయ్యేదాకా అట్లాగే ఉండిపోయారు.

మూడో ఏడు మొదట్లో వచ్చే పాఠం సహసంబంధం. రెండు విషయాలు కలిసి నడిచినంతమాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమైపోదని చెప్పే పాఠం. అంతకుముందు పిల్లలకు ఆయన ఆ పాఠాన్ని ఎంత నవ్విస్తూ చెప్పేవారో మా సీనియర్లు చెప్పేవారు. మాకు చెప్పే రోజున బోర్డు మీద పేరు రాసి, చాలాసేపు మాకు వీపు చూపిస్తూ నిలబడిపోయారు. తర్వాత చెప్తానని చెరిపేసి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ పాఠం ఎత్తుకోవడానికి ఆయనకు కొన్ని వారాలు పట్టింది. సూత్రాలన్నీ ఎప్పటిలాగే చెప్పారు. చివర్లో సుద్దముక్క కింద పెట్టి, "కారణం కాదని లెక్క చెప్తుంది. సంబంధం లేదని మాత్రం చెప్పదు," అన్నారు. "ఆ సంబంధాన్ని మనిషి మోయాల్సిందే."

ఆ రోజుల్లోనే కాలేజీని పరిశీలించడానికి పైనుంచి ఒక బృందం వస్తోందన్నారు. గోడలకు సున్నాలు వేయించారు. ఫలితాల పట్టికలు తయారుచేసే పని సహజంగానే సార్ మీద పడింది. చార్టులు గీయడానికి ఆయన నన్ను, మస్తాన్‌ను పిలుచుకున్నారు. ఆ చార్టులు పట్టుకొని ప్రిన్సిపాల్ గది గుమ్మంలో మేం నిలబడి ఉన్నప్పుడే లోపల ఆయనకూ సార్‌కూ జరిగిన మాటలు విన్నాం. ప్రిన్సిపాల్ చెడ్డమనిషి కాదు. పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారో చూపించమన్నాడు, అందరూ అట్లాగే చూపిస్తారన్నాడు. సార్ చూపించింది కాలేజీలో చేరినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారన్నది. రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడాలో ఈరమ్మ ఉంది, బెంగళూరుకు పోయినవాడు ఉన్నాడు, పెళ్ళయిపోయిన పిల్ల ఉంది.

"మానేసినోళ్ళను ఎట్ల కలుపుతావయ్యా, వాళ్ళు మన పిల్లలు కాదు కదా ఇప్పుడు," అన్నాడు ప్రిన్సిపాల్.

"మన పిల్లలే సార్. మానేసినారని రాసింది మనం. వాళ్ళు మానేస్తామని యాడా చెప్పలే," అన్నారు సార్.

రెండూ పక్కపక్కన చూపిద్దామని కూడా అడిగారు. ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. కావాలంటే పట్టిక ఇంకెవరితోనైనా చేయించండి, నా సంతకం మాత్రం దీనికే అని చెప్పి సార్ బయటికొచ్చారు. పట్టిక ఇంకెవరో చేశారు. బృందం వచ్చి, చూసి, భోజనం చేసి వెళ్ళింది.

ఆ తర్వాత ఆయన కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. పని సరిపడా లేదని కారణం చెప్పారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు, మా తర్వాత ఆ గ్రూపులో చేరినవాళ్ళు తక్కువే. రెండింటికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. ఆయన దగ్గర చదువుకున్నాను గనక అంతమాత్రం జాగ్రత్తగా మాట్లాడటం అలవాటైంది. మరుసటి సంవత్సరం స్టాటిస్టిక్స్ గ్రూపునే ఎత్తేశారు.

మా చదువు మాత్రం మధ్యలో ఉంది. ఆయన వస్తారని మేం అనుకోలేదు. మొదటి ఆదివారమే మస్తాన్ వాళ్ళ నాయన టైలరు షాపు ముందు సార్ నిలబడి ఉన్నారు. పైన గుడ్డ ముక్కలు పడేసే గది ఒకటి ఉండేది. మస్తాన్ వాళ్ళ నాయన దాన్ని ఊడ్పించి చాప పరిపించాడు. "ఈడ కూసోని చదువుకోండి బేటా, కింద మిషన్ చప్పుడు ఒకటే ఉంటది," అన్నాడు. మిగిలిన సిలబస్సంతా సార్ అక్కడే చెప్పారు. షాపులోని గుండీల డబ్బా తెప్పించి, కళ్ళు మూసుకొని తీయిస్తూ సంభావ్యత చెప్పారు. తెల్ల గుండీ వస్తుందా నల్లది వస్తుందా అని పందేలు కట్టేవాళ్ళం. కింద మిషన్ ఆపి మస్తాన్ వాళ్ళ నాయన మెట్ల మీదికొచ్చి తనూ ఒక పందెం వేసి పోయేవాడు. నవ్వులుండేవి. కానీ హాజరు అక్కడ కూడా తీశారు. ఈరమ్మ నంబరు దగ్గర కొంచెం ఆగేవారు. ఎవరమూ జవాబు చెప్పేవాళ్ళం కాదు. ఆయన అడిగేవారూ కాదు. తర్వాతి నంబరు పిలిచేవారు.

అప్పటికే ఆయన పాదాలు వాచి ఉండేవి. మెట్లెక్కి వచ్చి చాలాసేపు ఆయాసపడేవారు. బస్సు ప్రయాణాల వల్లేమో అనుకున్నాం, ఆయనా అదే అన్నారు. బీపీ ఎప్పటినుంచో ఉందని, అది లోపల్లోపల కిడ్నీలను తినేసిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మేం పాసయ్యాం. ఆయన ఎమ్మిగనూరులో ఇంటి దగ్గరే ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, డయాలసిస్‌కు ఆదోనికి వచ్చిపోతూ ఉండేవారు. కాలేజీకి వచ్చిన దారినే, అదే బస్సులో.

నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి ఆసుపత్రికే వెళ్ళి చూశాను. మిషన్‌కు చెయ్యి అప్పగించి పడుకొని ఉన్నారు. చొక్కా మడిచిన చోట సూదులు గుచ్చీ గుచ్చీ చర్మం నల్లగా గట్టిపడి, తాడు పేనినట్టుంది. ఎట్లున్నారు సార్ అని అడిగితే తన గురించి చెప్పలేదు. పక్క మంచాన్ని కళ్ళతో చూపించారు. అది ఖాళీగా ఉంది. పోయిన వారందాకా అక్కడ ఒక రైతు ఉండేవాడట. ఎద్దుల గురించి తప్ప మాట్లాడేవాడు కాదట.

"ఈడ ఎవురన్నా రాకపోతే పక్కనోడు అడగడమ్మా. భయం," అన్నారు. "నేను అడుగుతా. నర్సమ్మకు నేనంటే చిరాకు."

నా పని గురించి అడిగారు. తాళం వేసిన ఇళ్ళ గురించి చెప్పాను. సర్వేకు పోయినప్పుడు ఇంటికి తాళం ఉంటే ఫోనులో ఆ మాట నొక్కి ముందుకు పోవచ్చు. అట్లా పోతే పని తొందరగా అవుతుంది, పని పూర్తిచేసిన ఊళ్ళ జాబితాలో మా ఊరికి మంచి స్థానం కూడా వస్తుంది. సుగ్గి రోజుల్లో కొన్ని వీధులకు వీధులే తాళాలు. నేను మాత్రం వాళ్ళు తిరిగొచ్చాక మళ్ళీ పోతున్నానని, అందుకు పైవాళ్ళు విసుక్కుంటున్నారని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకొని విన్నారు. మెచ్చుకుంటారనుకున్నాను.

"మళ్ళీ పోయినప్పుడు కూడా తాళమే ఉంటే ఏం చేస్తుండావు?" అని అడిగారు.

అదే ఆయన నన్ను అడిగిన చివరి ప్రశ్న. ఇప్పుడు పక్కింట్లో అడుగుతాను. ఎప్పుడు పోయారు, ఏ వైపు పోయారు, వాళ్ళలో పిల్లలున్నారా, ఏం చదువుతుండిరి అని అడుగుతాను. ఫోనులో అవన్నీ రాయడానికి చోటు లేదు. అయినా అడుగుతాను. చెప్పేవాళ్ళకు కూడా చెప్పుకోవడం అవసరమేమో అనిపిస్తుంది. చాలామంది తలుపు ఆసరాగా నిలబడి చాలాసేపు చెబుతారు.

కబురు తెలిసిన రోజు నేను ఎమ్మిగనూరు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. సార్ వాళ్ళ సందు నిండా జనం. ఆయన దగ్గర ట్యూషన్ చదివిన పిల్లలు, మా క్లాసువాళ్ళు కొందరు, మస్తాన్ వాళ్ళ నాయన, డయాలసిస్‌కు ఆయనతోపాటు వచ్చేవాళ్ళు ఇద్దరు. వాళ్ళు నీడలో గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఆ కాలేజీ నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళకు కబురు అందిందో లేదో నాకు తెలియదు. మగవాళ్ళు తీసుకెళ్ళాక ఆడవాళ్ళం ఇంటి దగ్గరే ఉండిపోయాం. వాకిలి కడిగారు. ఎవరో పొయ్యి వెలిగించారు.

సార్ భార్య నడవలో గోడకు చేరగిలబడి ఉంది. పొద్దుటినుంచి గుక్కెడు కూడా తాగలేదని పక్కింటామె చెంబు నిండా నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఆమె చెంబు పట్టుకొని లోపలి గదివైపు చూసింది. లేచి, కొంగు సవరించుకొని, మా మధ్యనుంచి నడిచి పెరటి తలుపు దాకా వెళ్ళింది. నాకు అర్థం కాక వెంట పోబోతే పక్కింటామె చెయ్యి పట్టుకొని ఆపి, మెల్లగా చెప్పింది. డయాలసిస్ మొదలైనప్పటి నుంచి డాక్టర్లు సార్‌కు రోజుకు ఇన్ని నీళ్ళే అని కొలిచి ఇవ్వమన్నారట. ఎండాకాలం ఆయన నాలుక పిడచకట్టుకుపోయి, గ్లాసు చప్పుడైనా తల తిప్పి చూసేవారట. అందుకని ఇన్నేళ్ళూ ఆమె ఆయన ఎదుట ఒక్కసారి కూడా నీళ్ళు తాగలేదట. దాహమైనప్పుడల్లా పెరట్లోకి పోయి తాగి వచ్చేదట.

నేను తలుపు సందులోంచి చూశాను. ఆమె ఎండలో, ఇంటికి వీపు పెట్టి నిలబడి, చప్పుడు కాకుండా చెంబెత్తి తాగుతోంది.